అత్త బొటనవేలు

ఆళ్లగడ్డలో నంద్యాల రోడ్డు మీద సందీప్‌కు డ్రిప్పు పైపుల దుకాణం ఉంది. దానికి సరిగ్గా ఎదురుగా కట్టిన కొత్త బిల్డింగు పై అంతస్తుకు తాళ్లతో నీలం రంగు బోర్డు లాగుతున్న రోజున, అమృత దుకాణంలో స్టూలు మీద కూర్చుని చెరుకురసం తాగుతోంది. పెళ్లయి అప్పటికి యాభై మూడు రోజులు. రోజులు లెక్కపెట్టడం ఇక మానెయ్యాలని ఆమె అనుకుంటూనే ఉంటుంది, మళ్లీ పొద్దున లేవగానే ఒకటి కలుపుకుంటుంది.

బోర్డు నిటారుగా నిలబడ్డాక చదివింది. కుందూ ఫైనాన్షియల్ సర్వీసెస్. కింద చిన్న అక్షరాల్లో డిపాజిట్లు, రైతు రుణాలు, బీమా. బోర్డు పక్కనే వెడల్పాటి అద్దాల కిటికీ. ఆ కిటికీ వెనక ఒక కుర్చీ వేస్తారు. అందులో కూర్చున్న మనిషి తల కొంచెం ఎడమకు తిప్పితే చాలు, పైపు చుట్టల మధ్య నిలబడి రైతులతో బేరమాడే సందీప్ కనిపిస్తాడు.

“ఓయ్,” అంది. ఇంట్లో అందరి ముందూ అతన్ని ఏమని పిలవాలో ఆమె ఇంకా తేల్చుకోలేదు. దుకాణంలో మాత్రం ఓయ్. “ఆడ నాకు ఉద్యోగమొస్తే మద్యాన్నం ఇద్దరం ఒకే తావ తినొచ్చు.”

“తినొచ్చు. రోడ్డు దాటేటప్పుడు లారీ కింద పడకుంటే సరి.”

ఆమె గ్లాసు కింద పెట్టి, చున్నీ సర్దుకుని, అప్పటికప్పుడే రోడ్డు దాటి వెళ్లి వచ్చింది. ముప్పై ఒక్క అడుగులు. బేతంచెర్ల బండల లారీ ఒకటి నెమ్మదించి ఆమెకు దారి కూడా ఇచ్చింది. అంతకంటే మంచి శకునం ఏముంటుంది అనుకుంది అమృత.

కుందూ ఫైనాన్స్ ఐదేళ్ల కిందట నంద్యాలలో ఒక టైలరు షాపు మీద ఒకే గదిలో మొదలైంది. ఇప్పుడు ఆత్మకూరులో ఉంది, బేతంచెర్లలో ఉంది. నంద్యాలలో మూడంతస్తుల ప్రాంతీయ కార్యాలయం లేచింది. ఈసారి నూట ఇరవై మందిని తీసుకుంటారని, అందులో తొమ్మిది మంది ఆళ్లగడ్డకని కబురు వచ్చిన వారంలో ఊళ్లో జిరాక్సు షాపులవాళ్లు మధ్యాహ్నం భోజనానికి ఇళ్లకు పోలేదు. బెంగళూరులో గది అద్దె భరించలేక తిరిగొచ్చిన ఇంజనీర్లు, రోడ్డు పక్క షెడ్లలో రాతి విగ్రహాలు చెక్కేవాళ్ల పిల్లలు, ప్రైవేటు బడి టీచర్లు, అందరి చేతుల్లోనూ ప్లాస్టిక్ కవరులో సర్టిఫికెట్లు.

అమృత సంగతిలో ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు. బి.కామ్. కంప్యూటర్స్, నంద్యాలలో చదువు, ఫస్టు క్లాసు. ఇంటర్వ్యూ నంద్యాలలోనే. కాకపోతే అత్త సుగుణమ్మకు ఒక పట్టింపు ఉంది.

“కొత్త పెండ్లికూతురు. ఒక్కదాన్నే బస్సెక్కిస్తే చూసేవాళ్లు ఏమనుకుంటారు? గాయత్రీ, నువ్వు గూడ పో.”

అమృత పుట్టి పెరిగిందే నంద్యాల. ఆ ఊళ్లో ఏ సందులో ఏ బజ్జీల బండి ఎప్పుడు వస్తుందో కూడా ఆమెకు తెలుసు. అయినా తోడికోడలు తోడు రావడం ఆమెకు భలే సరదాగా అనిపించింది. గాయత్రి సందీప్ అన్న హరీష్ భార్య. ఈ ఇంటికి వచ్చి తొమ్మిదేళ్లు. రెండో తరగతి చదివే కూతురు ధాత్రి. డిగ్రీ దూరవిద్యలో చేసింది, బిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకుని, ఆ పిల్ల వీపు మీదే పుస్తకం ఆనించుకుని చదివిందట. ఆ కథ ఎవరైనా చెప్తే నవ్వి వదిలేస్తుంది.

ఆఫీసు హాల్లో పేర్లు పిలుస్తున్న వినీత్ అనే మేనేజరు గాయత్రి ముందు ఆగాడు.

“మీ ఫారం యాడమ్మా?”

“నేను తోడొచ్చినా సార్.”

“డిగ్రీ ఉందా?”

“ఉండాదిలే.”

“అయితే ఊరికే ఎందుకు కూచోవడం? రాయండి.”

గాయత్రి అమృత వైపు చూసింది. అమృత పకపకా నవ్వి తన పెన్నే ఇచ్చింది. పిన్‌కోడ్ ఎక్కడ రాయాలో వేలు పెట్టి చూపించింది. ఏ శాఖలో పని కావాలో రాసే గడి దగ్గరికి వచ్చేసరికి లోపలి నుంచి అమృత పేరు పిలిచారు.

లోపల అడిగిన ప్రశ్న అందరికీ ఒకటే. మీ పథకమంతా మోసమని ఒకావిడ వచ్చి కేకలేస్తే ఏం చేస్తారు? అమృత సగం ఇంగ్లీషులో, ఫిర్యాదు నమోదు చేయడం నుంచి పైఅధికారికి పంపడం దాకా నిమిషంలో చెప్పేసింది. బాగానే చెప్పానని సంతోషపడింది. తర్వాత గాయత్రి లోపలికి వెళ్లింది. తలుపు సందులోంచి మాటలు బయటికి వినిపించాయి.

“కూచోమంటా సార్. నీళ్లిస్తా. ఒక అర్ధగంట తిట్టనిస్తా. తిట్టేవాళ్లకు దప్పికైతాది గదా, మళ్ల నీళ్లడుగుతారు. అప్పుడు కాయితం తీస్తా.”

లోపల ఇద్దరు ముగ్గురు నవ్వారు. అమృత కూడా నవ్వింది. అప్పటికి అది నవ్వే.

*

పన్నెండు రోజులకు ఇద్దరికీ ఉత్తరాలు వచ్చాయి. ఇద్దరికీ ఉద్యోగం. మామ రామయ్య వీధిలోనే చదివించుకున్నాడు. పెద్దకోడలు గాయత్రికి ఆళ్లగడ్డ శాఖ. చిన్నకోడలు అమృతకు నంద్యాల ప్రాంతీయ కార్యాలయం.

అమృత ఆ కాగితం రెండు సార్లు చదివి, వెనక్కి తిప్పి కూడా చూసింది. వెనక ఏమీ లేదు. వెంటనే వినీత్‌కు ఫోన్ చేసింది.

“మీ ఇద్దరి పేర్లూ ఒకే రేషన్ కార్డులో ఉన్నాయమ్మా,” అన్నాడతను మర్యాదగానే. “ఒకే కార్డులోవాళ్లను ఒకే శాఖలో వెయ్యం. ఒకరు చేసిన పనిని ఇంకొకరు సరిచూడాల కదా. ఇంటి మనుషులైతే మొహమాటం. ఆమెకు నాలుగు మార్కులు ఎక్కువొచ్చాయి, అందుకని ఆళ్లగడ్డ ఆమెకు వేసినాం. ఏమన్నా మార్పు ఉంటే ఇరవయ్యో తేదీ లోపల చెప్పాల. శాఖలు మార్చుకోవాలంటే మాత్రం ఇద్దరూ కలిసి రాసియ్యాల.”

ఫోన్ పెట్టేశాక అమృతకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆ కార్డులో తన పేరు ఎక్కించుకుంది తనే. కొత్తగా పెళ్లయిన ఆడపిల్లలు ఏడాదైనా పుట్టింటి కార్డులో నుంచి కదలరు. ఆమె మాత్రం పెళ్లయిన మూడో వారంలోనే వార్డు సచివాలయానికి పరుగెత్తింది. సుగుణమ్మ, రామయ్య, హరీష్, గాయత్రి, ధాత్రి, సందీప్, ఆ కింద అమృత. సందీప్ పేరు కింద తన పేరు పడిన ఆ తెర ఫోటో తీసి, ఇప్పటికీ ఫోన్ తెరవగానే కనిపించేలా పెట్టుకుంది. ఆ రోజు సచివాలయంలో అందరికీ బాదుషాలు కూడా పంచింది. ఇప్పుడు చూస్తే ఆళ్లగడ్డ కుర్చీని తన చేత్తోనే తీసి గాయత్రక్క కింద వేసింది.

ఇంట్లోవాళ్లకు ఇదేమీ పట్టలేదు. వాళ్ల లెక్క చక్కగా కుదిరింది.

“చిన్నదానికి నంద్యాలైతే పుట్టినిల్లు మాదిరి,” అంది సుగుణమ్మ. “గాయత్రికి పిల్ల బడికి పోవాల, నాకు పొద్దున కాఫీ ఇయ్యాల. ఈడైతే తొమ్మిదిన్నరకు పోతే చాలు. ఎవురో కూచ్చోని రాసినట్టే రాసినారు.”

“వదిన మాట్లాడిందంటే రాయి గూడ డిపాజిట్ కడతాది,” అన్నాడు సందీప్. ఆ మాట అన్నాక తన పళ్లెంలోని ఓళిగ మీద నెయ్యి పోసుకుని కమ్మగా తిన్నాడు. అమృత అతని నమిలే దవడ వైపు చూస్తూ కూర్చుంది.

ఆ రోజు నుంచి ఆమెకు గాయత్రిలో ఇదివరకు కనపడనివన్నీ కనపడసాగాయి. గాయత్రి చీర కుచ్చిళ్లకు పిన్ను పెట్టుకోవడం అద్దం ముందు రెండు సార్లు చేసి చూసుకుంది. రెండు పట్టీల కొత్త చెప్పులు కొనుక్కుంది. అవి ఒక్కసారి కూడా కరవలేదు, అమృతకు ఏ కొత్త చెప్పులైనా వారం రోజులు కరుస్తాయి. మామ ఎరువుల రసీదు ఏదో వస్తే, “గాయత్రీ, సూడమ్మా, నువ్వు ఆఫీసరమ్మవి గదా,” అన్నాడు. ఇంట్లో ఇద్దరు ఆఫీసరమ్మలు ఉన్నారన్న సంగతి అతనికి గుర్తే లేదు. ధాత్రి బడిలో “మా అమ్మ ఆఫీసు అద్దాలది” అని చెప్పుకుని వచ్చింది.

అన్నిటికంటే గుచ్చుకున్నది చాలా చిన్న మాట. ఒక సాయంత్రం సందీప్ వాకిట్లో చేతులు కడుక్కుంటూ అన్నాడు.

“వదినా, పదకొండుకు మా దుకాణంలో టీ పోస్తాం. నీక్కూడా ఒక గ్లాసు పైకి తెచ్చిస్తాలే.”

“అల్లం ఏసినావంటే తాగుతా. ల్యాకుంటే వద్దు,” అంది గాయత్రి.

అంతే. ఇంకేం లేదు. మరిదీ వదినలు తొమ్మిదేళ్లుగా మాట్లాడుకునే తీరు అది. కానీ ఆ ముప్పై ఒక్క అడుగులు అమృతవి. ఆ టీ గ్లాసు అమృతది. ఆ కిటికీ, ఆ ఎడమకు తిప్పే మెడ, అన్నీ ఆమె ముందే చూసి పెట్టుకున్నవి. ఎవరో ఆమె కల లోపలికి చెప్పులతో నడిచి వచ్చి, కాలు మీద కాలు వేసుకుని, అల్లం ఉందా అని అడుగుతున్నట్టు ఉంది. సాయంత్రం జొన్నరొట్టెలు కొడుతూ ఆమె ఒక రొట్టెను ఎంత గట్టిగా తట్టిందంటే అది అంచుల దగ్గర చీలిపోయింది.

“పిండి మింద ఏం కోపం?” అంది గాయత్రి పక్క నుంచి.

“ఏం లేదక్కా.”

గాయత్రి చీలిన రొట్టెను తీసి, తడి చేత్తో అంచులు కలిపి, గుండ్రంగా పెనం మీద వేసింది. అది కూడా అమృతకు నచ్చలేదు.

*

కార్డు వేరైతే తను కూడా ఆళ్లగడ్డే అడగొచ్చు, అక్కను బతిమాలే పని ఉండదు అనుకుని, పదహారో తేదీన అమృత సచివాలయానికి వెళ్లింది. అక్కడ కంప్యూటరు దగ్గర కూర్చునే డేనియల్ ఆమెను గుర్తు పట్టాడు.

“బాదుషాల మేడం.”

“ఇప్పుడు నా పేరు తియ్యాల.”

“అప్పుడే పుట్టింటికా మేడం?”

“నీ నోట్లో... పుట్టింటికి కాదు. నాకూ మా ఆయనకూ వేరే కార్డు.”

పెళ్లయిన జంట వేరే కార్డు అడగవచ్చు, పెళ్లి సర్టిఫికెట్టు ఉంటే చాలు అన్నాడు డేనియల్. అయితే ముగ్గురి వేలిముద్రలు పడాలి. భర్తవి, భార్యవి, కార్డులో ఇంటి పెద్దగా ఉన్నవాళ్లవి. ఆ ఇంటికి పెద్ద సుగుణమ్మ.

సందీప్ వేలు తేలికగానే దొరికింది. దుకాణంలో మోటారు విప్పుతూ విషయమంతా విన్నాడు. “అమ్మ ఒప్పుకుంటాదా?” అన్నాడు. “నేను చెప్తాలే,” అంది అమృత. గ్రీజు తుడుచుకుని డేనియల్ చేతిలోని మిషను మీద వేలు పెట్టేశాడు. కొత్త పెళ్లాం అడిగితే అతను ఆ రోజుల్లో దేని మీదైనా వేలు పెట్టేవాడు.

చెప్తాలే అన్నది గానీ ఎలా చెప్పాలో అమృతకు తెలియలేదు. కింది వీధిలో ఒక ఇంట్లో అన్నదమ్ములు కార్డు చీల్చుకున్న నెలకే నడివాకిట్లో గోడ లేచింది. దాని గురించి సుగుణమ్మ ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడుతుంది. కార్డు వేరైతే పొయ్యి వేరైనట్టే ఆమెకు. ఉద్యోగం కోసం కాగితం మాత్రమే అత్తా, అని నాలుగు సార్లు మనసులో అనుకుని చూసింది. నాలుగు సార్లూ అత్త ముఖం ముడుచుకోవడమే కనిపించింది.

పద్దెనిమిదో తేదీ పదకొండు గంటలకు డేనియల్ మిషను పట్టుకుని ఇంటికి వచ్చాడు. సుగుణమ్మ వాకిట్లో బండల మీద కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది.

“ఏందప్పా?”

డేనియల్ అమృత వైపు చూశాడు. “మేడం, చెప్పి వేలేయించండి,” అన్నాడు.

“కేవైసీ అత్తా,” అంది అమృత. “రేషన్‌ది. అందరివీ ఏయించుకుంటాండారు.”

అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. డేనియల్ తల వంచుకుని మిషను గాజును చొక్కాతో తుడిచాడు. సుగుణమ్మ ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. చేతులు దులుపుకుని, చీరకు తుడుచుకుని, చిన్నపిల్ల బొట్టు పెట్టించుకోవడానికి ముందుకు వంగినట్టు వంగి, బొటనవేలు చాపింది.

వేలు పడలేదు. మిషను ఎర్రగా వెలిగింది. మళ్లీ పెట్టింది. మళ్లీ ఎరుపు. నలభై ఏళ్లు బర్రెల పాలు పిండి, కాయలు ఒలిచి, గిన్నెలు తోమి ఆ వేలి మీద గీతలు అరిగిపోయాయి. సుగుణమ్మ వేలును నాలుకతో తడిచేసుకుంది, కొంగుతో రుద్దింది, ఎడమ చేతిది పెట్టి చూసింది.

“దీనెమ్మ వేలు,” అంది తనలో తనే. “ఎప్పుడూ ఇంతే నాయనా. కోపం చేసుకోవాకు.”

“పర్వాలేదమ్మా. నిదానంగా.”

ఆరోసారి ఎర్రలైటు వెలిగేసరికి అమృత ఇంక చూడలేకపోయింది. ఆ ముసలి వేలు తనను నమ్మి అంత కష్టపడుతోంది. వద్దులే అత్తా అని చెప్పేద్దామని నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే కిటికీ అద్దం, పక్కనే కుర్చీ, కుర్చీలో గాయత్రి, గాయత్రి చేతిలో అల్లం టీ కళ్ల ముందుకొచ్చాయి. నోరు మూసుకుంది.

“గాయత్రీ,” అని కేకేసింది సుగుణమ్మ లోపలికి. “నువ్వు రామ్మా. నువ్వు పట్టుకుంటేనే పడతాది.”

నిజమే. రేషన్ షాపు దగ్గర తొమ్మిదేళ్లుగా అత్త వేలిని వేయిస్తున్నది గాయత్రే. ఆమె వంటింట్లో నుంచి కొబ్బరినూనె చుక్క అరచేతిలో వేసుకుని వచ్చింది. అత్త వేలికి రాసి, గుడ్డతో గట్టిగా తుడిచి, వేలిని కొంచెం పక్కకు వంచి పట్టుకుంది. గాజు మీద పెట్టబోతూ, అలవాటు కొద్దీ తెర మీది అక్షరాలు చదివింది. గాయత్రి ఏది కనిపించినా చదువుతుంది, చెనక్కాయల పొట్లం కాగితమైనా సరే.

చదివి ఆగింది. అమృత వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో కోపం లేదు, అందుకే అమృత తట్టుకోలేకపోయింది.

“అత్తా, ఇది కార్డు విభజన అనుండాది,” అంది గాయత్రి మామూలు గొంతుతో. “సందీప్‌ను, అమృతను వేరే కార్డు చేసేది. నువ్వు ఒప్పుకున్నట్టు వేలెయ్యాల. ఏస్తావా?”

సుగుణమ్మ వేలిని గుప్పిట్లో ముడుచుకుంది. చాటలోని కాయల మీద ఈగ ఒకటి వాలింది, ఎవరూ తోలలేదు.

“కేవైసీ అంటివి గదమ్మా,” అంది అమృతతో.

అమృత వంగి ఆ ఈగను తోలింది.

“నేనేమన్నా అన్నానా నిన్ను?”

“లేదత్తా.”

“తిండి కాడ ఎక్కువ తక్కువ చేసినానా?”

“లేదత్తా.”

“మరి పొయ్యి వేరే ఎందుకు పెట్టాలనుకున్న్యావ్?”

“పొయ్యి కాదత్తా. బ్రాంచి.”

డేనియల్ మిషను సంచిలో పెట్టుకున్నాడు. “మీరు మాట్లాడుకోండమ్మా. నేను రేపొస్తా,” అన్నాడు.

“రేపు గూడ రావొద్దులేప్పా,” అంది సుగుణమ్మ.

అతను వెళ్లాక అమృత అక్కడే బండల మీద కూలబడి, అన్నీ చెప్పేసింది. ఒకే కార్డు సంగతి, ఇరవయ్యో తేదీ సంగతి, కిటికీ సంగతి. ముప్పై ఒక్క అడుగులు కూడా చెప్పింది. చెప్తూ ఉంటే తనకే అవి చాలా చిన్నవిగా వినిపించాయి.

“అక్క ఆడ కూచుంటాదంటే, మీ కొడుకు టీ తీసుకోని పైకి పోతాడంటే, నాకు కడుపులో మంటగా ఉండాదత్తా. పది దినాల నుంచి. అక్క చెప్పులు చూసినా మంటే.”

రామయ్య అరుగు మీద పడుకుని వింటున్నాడు. “చెప్పులేం చేసినాయి మధ్యలో?” అన్నాడు.

“నువ్వు పండుకో,” అంది సుగుణమ్మ.

గాయత్రి ఇంకా నూనె గుడ్డ పట్టుకునే నిలబడి ఉంది. ఆమె ముఖంలో కోపం కోసం వెతికింది అమృత. అక్కడ ఉన్నది వేరే ఏదో.

“నా మిందనా?” అంది గాయత్రి. “నా మింద కుళ్లుకున్న్యావా?”

“ఊఁ.”

“తొమ్మిదేండ్లలో నా మింద ఎవురూ కుళ్లుకోలేదమ్మే.” ఆ మాట అంటూ ఉంటే ఆమె పెదవి చివర నవ్వు కదిలింది. ఎవరో కొత్త చీర పెట్టినట్టుగా ఉంది ఆ ముఖం. తర్వాత గుడ్డను నాలుగు మడతలు పెట్టి అంది. “నేను ఫారంలో రాసిందే నంద్యాల.”

“ఏందీ?”

“యాడ పని కావాల అంటే నంద్యాల అని రాసినా. మార్కులు ఎక్కువొచ్చినాయని ఇంటి కాడ ఏసినారు, నాకేదో మేలు చేసినట్టు.”

“మరి చెప్పలేదేంది అక్కా?”

“ఎవురడిగినారు? కాయితం రాంగానే మీరందరూ లెక్కేసేస్తిరి. పిల్లకు జడ, అత్తకు కాఫీ, మొగునికి క్యారియరు. కుదిరిందంటే కుదిరిందనుకుంటిరి.” ఆమె అత్త వైపు తిరిగింది. “పెండ్లయినంక నేను ఒక్కదాన్నే బస్సెక్కలేదత్తా. ఒక్కసారి గూడ. పక్కన పిల్లో, సంచో, మీరో. గంట సేపు ఎవురూ నన్ను ఏమీ అడక్కుండా కిటికీ కాడ కూచ్చోని పోవాలని ఉండాది. జీతం లేకున్నా పోతా.”

“జీతం లేకుంటే వద్దు,” అన్నాడు రామయ్య.

సుగుణమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఒక కాయ తీసుకుని నొక్కి, పప్పులు చాటలో వేసి, తొక్క పక్కన పడేసింది. ఇంకొకటి ఒలిచింది. ఆమె తేల్చుకునే తీరు అది, కాయలు ఒలుస్తూ.

“మార్చుకోండి,” అంది చివరికి. “కార్డు జోలికి మాత్రం పోవద్దు. పిల్ల జడ ఎవురేస్తారు?”

“నేనేస్తా,” అంది అమృత.

“కాఫీ?”

“నేనే ఇస్తా.”

“డికాషన్ పలచగా ఉంటే తాగను,” అంది సుగుణమ్మ. అమృత వైపు చూడకుండా ఇంకో మాట అంది. “ఇంక నువ్వు ఏ కాయితం తెచ్చినా గాయత్రి చదవాల. ఆమె చదివినంకనే నా వేలు.”

అమృత తల ఊపింది. అంతకంటే గట్టిగా తిట్టి ఉంటే బాగుండు అనుకుంది.

పంతొమ్మిదో తేదీన ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకాలు చేసి పంపారు. వినీత్ ఏమీ అడ్డు చెప్పలేదు. ఇద్దరూ ఒప్పుకుంటే అతనికి ఎవరు ఎక్కడ కూర్చున్నా ఒకటే.

*

ఒకటో తేదీ పొద్దున అమృత ఐదున్నరకే లేచింది. కాఫీ రెండో గ్లాసుకు గానీ చిక్కగా కుదరలేదు. ధాత్రి జడ మూడు సార్లు వేసింది. “మా అమ్మ ఇట్ల ఎయ్యదు. మా అమ్మ ఏస్తే గుంజినట్టు ఉండదు,” అని ఆ పిల్ల ప్రతిసారీ విప్పించింది. ఉగ్గాని క్యారియర్లలో సర్దేసరికి ఎనిమిదయింది. ఇదంతా ఇన్నాళ్లూ ఒక మనిషి చేస్తూ ఉండగా తను ఏడున్నరకు లేచి జుట్టు ఆరబెట్టుకుంటూ పాటలు పాడుకునేది.

ధాత్రిని తీసుకుని బస్సు దాకా వెళ్లింది. నంద్యాల బస్సు ఆగింది. గాయత్రి ఎక్కి, ఎడమ వైపు మూడో వరసలో కిటికీ దగ్గర కూర్చుంది. పక్క సీటు ఖాళీ. కొత్త చెప్పులు, జడలో రెండు మూరల కనకాంబరాలు, ఒళ్లో ఒకే ఒక్క చిన్న సంచి. కిటికీ అద్దం వెనక్కి తోసింది. కూతురికి చెయ్యి ఊపింది, బస్సు కదిలాక చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సీటుకు జారబడి కళ్లు మూసుకుంది. ఆ కాసేపట్లోనే ఆమె ముఖం ఏ పదేళ్లో చిన్నదైపోయినట్టు కనిపించింది.

బస్సు వెనక రేగిన దుమ్ములో నిలబడ్డ అమృత ఆ దారంతా తలుచుకుంది. శిరివెళ్ల దాకా రెండు వైపులా వరిమళ్లు, కాలవ గట్టు మీద కొంగలు, చల్లటి గాలి, నలభై కిలోమీటర్లు. ఏమీ అడిగేవాళ్లు లేని నలభై కిలోమీటర్లు. నంద్యాల తన ఊరు. ఆ దారి తనకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఒక్కసారి కూడా అందులో అంత సుఖం ఉందని తట్టలేదు. ఆరిపోయిందనుకున్న మంట కడుపులో మెల్లగా రాజుకుంది.

తొమ్మిదిన్నరకు ఆఫీసులో అడుగు పెట్టింది. కుర్చీ ఆమె అనుకున్న చోటే ఉంది. మెడ ఎడమకు తిప్పితే సందీప్. ఆ రోజు పొద్దుటి నుంచి పదకొండు దాకా పద్నాలుగు సార్లు తిప్పింది. అతను ఆరు సార్లు పైకి చూశాడు. పదకొండుకు గ్లాసు పట్టుకుని రోడ్డు దాటి, ఒక్క చుక్క ఒలకకుండా మెట్లెక్కి వచ్చాడు. అల్లం వేసిన టీ.

“వదిన ఫోన్ చేసిందా? బాగ పోయిందంటనా?”

“పోయింది. మూడో అంతస్తులో ఏసినారంట. ఏసీ అంట.”

“ఏసీనా?”

“క్యాంటీన్ గూడ ఉందంట. మిరపకాయ బజ్జీలు ఏస్తారంట.”

ఇద్దరూ కలిసి తల ఎత్తి, కటకటమంటూ తిరిగే తమ ఫ్యాను వైపు చూశారు. టీ మాత్రం చాలా బాగుంది. అమృత ఆ సంగతి అతనికి చెప్పింది కూడా. అతను మెట్లు దిగి రోడ్డు దాటేదాకా చూస్తూ, గ్లాసు అడుగున మిగిలిన అల్లం ముక్కను నమిలింది.

మధ్యాహ్నం శాఖ మేనేజరు అజయ్ కుమార్ కొత్తగా చేరిన తొమ్మిది మందికీ తలా ఒక హామీ ఫారం ఇచ్చాడు. ఇంటి పెద్ద సంతకమో వేలిముద్రో కావాలి. మర్నాడు పొద్దున పదింటికల్లా తెచ్చివ్వాలి. అమృత ఫారం మడిచి సంచిలో పెట్టుకుంది. మిగతా ఎనిమిది మంది ఇళ్లకు పోయి వేయించుకుని తెస్తారు. ఆమె మాత్రం, గాయత్రి చదవందే, ఆ కాగితం తీసుకుని అత్త ముందు ఒక్కతే నిలబడలేదు.

నంద్యాల నుంచి వచ్చే బస్సు సాయంత్రం ఆరుంబావుకు. ఐదున్నర నుంచే అమృత కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయింది. ఎదురుగా సందీప్ పైపులు లోపలికి సర్దుతూ ఆమె చూస్తుందేమోనని పైకి చూశాడు. ఆమె తల కుడి వైపుకు తిరిగి ఉంది, బస్సు వచ్చే మలుపు వైపు.